షుగరు కాదు, చక్కెర

మా బోటనీ మేడమ్ పోయారని పొద్దున్నే సెల్లుకి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. చివర్న "షుగర్ వల్ల" అని కూడా ఉంది. ఏడుపు రావలసింది, నాకు ముందు ఒళ్ళు మండింది. ఆవిడకి షుగర్ లేదు. యానాంలో రక్తపరీక్షల ల్యాబు నడుపుతున్నవాణ్ణి, ఆవిడ రక్తం ఎన్నోసార్లు నేనే చూశాను. అసలు ఆ ల్యాబు పెట్టానంటే ఆవిడ చలవే.

ఆవిణ్ణి తీసుకుపోయింది ఈస్టు. రొట్టె పొంగించేదానికి దాయాది, మన నోట్లో, పేగుల్లో అణిగిమణిగి ఉండేది. కడుపు ఆపరేషన్ తర్వాత కాకినాడలో ఓ ఆసుపత్రి వాళ్ళు నరానికి పెట్టిన గొట్టం రోజుల తరబడి తీయలేదు. దాని వెంట అది రక్తంలోకి దిగింది. రక్తం రిపోర్టులో ఈస్టు అని వస్తే, నమూనాలో బయట్నుంచి పడి ఉంటుందిలే అని డాక్టరు పక్కన పెట్టేశాడు. ఆయన కళ్ళు తెరిచేసరికి వారం దాటింది. ఆయన్ని నేను క్షమించను.

ఈ ఈస్టు సంగతి మేడమ్ మాకు ఇంటర్‌లోనే చెప్పారు, సిలబస్‌లో లేకపోయినా. మెట్టకూరు గట్టు మీంచి ఉత్తరేణి కంకి తెంపుకొచ్చి నా చొక్కా చేతికి రుద్దారు. గింజలు పట్టేశాయి. ప్లాస్టిక్ స్కేలుకి రుద్దితే ఒక్కటీ అంటలేదు. మన కణాల మీద చక్కెర గొలుసులు బయటికి వేలాడుతుంటాయని, ఈస్టు ఒంటి మీది ప్రోటీన్లు తమకి సరిపడే చక్కెరని వెతికి పట్టుకుంటాయని అన్నారు. పట్టు దొరకనిది కొట్టుకుపోతుంది. "పట్టు ఎక్కడుందో చూడండ్రా, రోగం అక్కడ మొదలవుద్ది" అనేవారు. తప్పు చెబితే సుద్దముక్క విసిరేవారు. గురి తప్పేది కాదు.

ఆసుపత్రి మంచం మీద కూడా ఆవిడ పాఠం మానలేదు. చూడ్డానికొచ్చిన తన అక్కగారికి, ఇది చక్కెరని పట్టుకుంటుందని ఓపిగ్గా వివరించారు. మా వైపు వంటింట్లో ఉండేది పంచదార, పుస్తకంలో ఉండేది చక్కెర, ఒంట్లోకొచ్చేది షుగరు. అక్కగారు మూడింటినీ ఒకటి చేసేసి, చెల్లికి షుగరొచ్చిందని కనకాలపేట అంతా చెప్పేశారు. ఆ రోజు నుంచి ఫ్లాస్కులో చప్పటి టీ. గ్లాసుకి మూడు చెంచాలు వేసుకునే మనిషికి.

ఆఖరిసారి నేను వెళ్ళినప్పుడు మేడమ్ ఆ టీ ఒక గుక్క తాగి నా వంక చూశారు.

"నువ్వైనా చెప్పరా. కణం మీది చక్కెర వేరు, టీలో పంచదార వేరు. కొంచెం ఎయ్యమను."

అక్కగారు కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని నా మొహంలోకి చూశారు. పెద్దావిడతో ఇప్పుడెందుకు వాదన అనుకున్నాను.

"తగ్గాక తాగుదురుగానిలెండి, మేడమ్."

డాక్టర్ని తిట్టాను, అక్కగారి మీద పళ్ళు నూరాను. ఆ గదిలో ఆవిడ దగ్గర పాఠం నేర్చుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నా మీద సుద్దముక్క విసిరి ఉంటే బావుండేది. ఆవిడ గ్లాసు స్టూలు మీద పెట్టేసి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను లేచేసరికి టీ మీద మీగడ కట్టింది.