తార్నాకలో మా ఇంటి సెక్షన్ గది

పోయిన జూన్ నెలాఖరున యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌లో టెక్నికల్ అసిస్టెంట్‌గా రిటైరయ్యాను. శ్రావణం వచ్చేసరికి తార్నాకలో మా ఇంటి వెనక, బట్టలుతికే చోట, రాళ్ళు కోసి పాలిష్ పట్టే గది తెరిచాను. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ పడనంత సంబరం ఈ కొద్ది నెలల్లో పడ్డాను. కనబడిన వాళ్ళనల్లా ఆపి చెబుతున్నాను. కూరగాయల బండి అతనికి కూడా చెప్పాను, పాపం, వంకాయలు తూచడం ఆపి మరీ విన్నాడు. ఇక్కడ మాత్రం వరుసగా చెబుతాను. ఒక మెట్టు వదిలేసి తర్వాతి మెట్టుకు పోతే మా పనిలో రాయి చెడుతుంది.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. బీఎస్సీలో జియాలజీ తీసుకున్నానని తెలిసినప్పుడు మా నాయన, "చేన్ల రాళ్ళు ఏరుడు తప్పుతదని సదివిస్తే, నువ్వు రాళ్ళ సదువే సదువుతున్నవా బిడ్డా" అన్నాడు. డిగ్రీ ఉన్నా నాకు దొరికింది ల్యాబ్ అటెండర్ పోస్టు. గదులు తెరవడం, శాంపిల్ పెట్టెలు మోయడం, గాజు సామాను కడగడం అటెండర్ పని. సెక్షన్ కటింగ్ గదిలో పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన పక్కన నిలబడి చూసి చూసి పని పట్టుకున్నాను. తర్వాత ల్యాబ్ అసిస్టెంట్‌నయ్యాను, ఆయన రిటైరయ్యాక టెక్నికల్ అసిస్టెంట్‌గా ఆ గది నాదయింది.

సెక్షన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. రాయిని మైక్రోస్కోప్ కింద చూడాలంటే దానిలోంచి వెలుతురు పోవాలి. అందుకని రాయిలోంచి అగ్గిపెట్టెకన్నా చిన్న బిళ్ళను డైమండ్ బ్లేడుతో కోస్తాం. ఒక వైపు నున్నగా అరగదీసి గాజు స్లైడుకు అంటిస్తాం. రెండో వైపు మళ్ళీ కోసి, కార్బోరండం అనే గరుకు పొడి నీళ్ళలో కలిపి, ముతక నుంచి మెత్తకు వరుసగా మారుస్తూ అరగదీస్తాం. వెంట్రుక మందంలో సగం కూడా మిగలకుండా పలచబడేదాకా ఆ పని సాగాలి. అప్పుడు నల్లరాయి కూడా కిటికీ అద్దంలా వెలుతురు ఇస్తుంది. అది మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇప్పటికీ లేవబుద్ధవుతుంది.

ఇంట్లో గది పెట్టాలనే ఆలోచన నాదే, సామాను మాత్రం సగం మా ఆయన నర్సయ్యది. ఆయన లాలాపేటలో లేత్ మెషిన్ మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన టర్నర్. పాత వెట్ గ్రైండర్ రాయి తీసేసి, ఆ మోటారు మీద ఇనుప పళ్ళెం బిగించాడు. ఆ పళ్ళెం తిరుగుతుంటే చేత్తో సెక్షన్ ఆనించి అరగదీయవచ్చు. కోసే బ్లేడు వేడెక్కకుండా చుక్క చుక్కగా నీళ్ళు పడడానికి సెలైన్ ఎక్కించే పైపు, దాని చక్రంతో సహా, తగిలించాడు. రాతి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం కాబట్టి ఏ రాయినీ పొడిగా కోయకూడదు. అరిగిన బురదను కాలవలో పోయకుండా బకెట్లలో తేర్చాలి. ఈ నియమాలన్నీ నేను చెబుతుంటే ఆయన బకెట్లు సర్దుతూ, "రిటైర్ చేసింది నిన్ను గదా. మరి నన్నెందుకు అటెండర్‌గ పెట్టుకున్నవ్?" అన్నాడు. పై వాటాలో ఉండే రేణుక మూడో రోజు మెట్ల మీద నిలబడి, "అక్కా, దినాం గంత పిండి రుబ్బుతున్నరు, మాకో గిన్నెడు ఇయ్యరాదు" అంది. ఆ గ్రైండర్ చప్పుడు ఆమెకు తెలిసిందే మరి.

మైక్రోస్కోప్ ఒక్కటి మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పిల్లలు వాడే మామూలుది. దాని కింద ఒకటి, పైన ఒకటి, వెలుతురును ఒకే దిశలో వడగట్టే పోలరాయిడ్ ముక్కలు పెట్టుకున్నాను. ఖనిజాల రంగులు చూడడానికి ఆ మాత్రం చాలు.

గది ఇంకా పూర్తిగా కుదరకముందే స్వప్న వచ్చింది. మా డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చింది. నాలాగే వాళ్ళింట్లో తనే మొదటి డిగ్రీ. డిపార్ట్‌మెంట్ సెక్షన్ గది అప్పుడు కొత్త భవనానికి మారుతోంది, యంత్రాలు ఇంకా చెక్కపెట్టెల్లో ఉన్నాయి. స్వప్నకు మాత్రం ఎలక్ట్రాన్ ప్రోబ్ మీద వచ్చే సోమవారానికి స్లాట్ దొరికింది. ఆ యంత్రం ఖనిజం మీద సన్నని కిరణం వేసి అందులో ఏ మూలకం ఎంత ఉందో చెబుతుంది. దానికి పెట్టే సెక్షన్ అద్దంలా ఉండాలి, ఒక్క గీత ఉన్నా లెక్క తప్పుతుంది. ఐదు నెలలు ఎదురుచూస్తే దొరికిన స్లాట్ అది. తప్పితే మళ్ళీ థీసిస్ గడువు దాటాకే.

ఆమె సంచిలోంచి ఒక నల్లరాయి బిళ్ళ తీసింది, బిస్కెట్ అంత ఉంది. రామంతాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ తవ్వినప్పుడు గ్రానైట్‌ను చీల్చుకుంటూ బయటపడ్డ డోలరైట్ అనే నల్లరాతి పట్టీ నుంచి తెచ్చిన నమూనా అది. మిగతాదంతా పిండి చేసి వేరే పరీక్షలకు వాడేసింది.

"ఇదొక్కటే మిగిలింది మేడమ్. ఆడ సెల్లార్‌ల కాంక్రీట్ పోసిన్రు. ఇంక రాయి దొరకది. ఇది పోతే నా నాలుగో చాప్టర్ పోతది."

ఈ రాయిని ఇప్పుడే ముట్టనని చెప్పాను. కొత్త గదిలో ముందు పనికిరాని రాయి మీద పాలిష్ పట్టి చూడాలి, అది కుదిరాకే అసలుది. డిపార్ట్‌మెంట్‌లో కొత్త బ్లేడు వచ్చినా అదే పద్ధతి పాటించేవాళ్ళం. అప్పటికి మంగళవారం.

పునాది రాయి, అంటే గ్రానైట్, ముక్క ఒకటి తీసుకుని మొదలుపెట్టాను. కోత బాగా వచ్చింది. అరగదీతలో, పోలరాయిడ్ల మధ్య పెట్టి చూస్తే, ఖనిజాలు పసుపు నుంచి బూడిద తెలుపుకు దిగాయి, అంటే మందం సరిపోయింది. నేను ఉబ్బిపోయి మా ఆయనను పిలిచి చూపించాను. ఆ తర్వాత పళ్ళెం మీద పాలిష్ గుడ్డ బిగించి, డైమండ్ పేస్టు రాసి మెరుగు పెట్టాను. తుడిచి వెలుతురుకు పట్టి చూస్తే, నడిమధ్యన మీసం లాంటి గీత. దాని పక్కన ఇంకొకటి.

మెత్తటి దశలో ముతక రేణువు ఒక్కటి పడినా ఇలాగే అవుతుంది. అందుకే దశ మారినప్పుడల్లా స్లైడు, చేతులు, గోళ్ళు కడుక్కుంటాం. గుడ్డ మార్చాను. మళ్ళీ గీతలు. కొత్త పేస్టు విప్పాను. గీతలు. బోరు నీళ్ళు మానేసి తాగే నీళ్ళు వాడాను. బుధవారం అలా గడిచింది. గురువారం ఉదయం ఇనుప పళ్ళెం మీద అనుమానం వచ్చి మా ఆయనతో గట్టిగా మాట్లాడాను. పళ్ళెం అంచు విరిగి రజను రాలుతున్నదేమో, లేత్ మీద సరిగ్గా తిప్పలేదేమో అన్నాను.

ఆయన పళ్ళెం విప్పి, అంచు చుట్టూ బొటనవేలి గోరు నిదానంగా తిప్పాడు. తర్వాత దాన్ని నా ముందు పెట్టాడు.

"నేను తిప్పిన పళ్ళెం నాకెరుక. నువ్వు ముప్పై మూడేండ్లు చూసిన రాయి నీకెరుక. గా గీతలు గీకేది ఏందో చూడు, ఎవలు గీకిన్రో తర్వాత."

నేను చిన్నబోయాను. నిజానికి నేను చేయాల్సిన మొదటి పరీక్ష అదే. తప్పు ఎక్కడుందో ఊహిస్తూ రెండు రోజులు పోగొట్టాను, గీతలు గీసిన వస్తువును మాత్రం చూడలేదు. పాలిష్ గుడ్డను గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్ళు పోసి పిండాను. పది నిమిషాలు తేరనిచ్చి, అడుగున మిగిలిన చిటికెడు మడ్డిని స్లైడు మీద ఆరబెట్టాను. స్వప్న కూడా అప్పుడే వచ్చింది, కంగారు ముఖంతో. ఇద్దరం మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్నాం.

కార్బోరండం అయితే నల్లని వాడి పెంకుల్లా కనబడాలి. ఇవి అలా లేవు. తెల్లగా, పగిలిన గాజులా, వంకర అంచులతో ఉన్నాయి. సున్నపురాయేమోనని ఆ మడ్డి మీద నిమ్మరసం చుక్క వేశాను, బుడగలు రాలేదు. క్వార్ట్జ్, అంటే తెల్లరాయి, అని స్వప్నే ముందు చెప్పింది. ఉక్కును కూడా గీకే ఖనిజం అది. నేను కోసిన పునాది రాయిలోనూ క్వార్ట్జ్ ఉంటుంది, కాబట్టి ఆ బురదే అంటుకుందేమో అనుకున్నాం. కానీ ఆ బురదయితే పక్కన ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉండాలి, నల్ల అభ్రకం ఉండాలి. ఇక్కడ అవేమీ లేవు. ఎవరో శుభ్రమైన తెల్లరాయిని ఏరి, దంచి, జల్లెడ పట్టినట్టు ఒక్క క్వార్ట్జే ఉంది.

"తెల్లరాయి దంచి పొడిగొట్టి ఎవరు తెస్తరు మేడమ్ మీ ఇంట్లకు?" అంది స్వప్న.

ఆ మాట ఆమె నోట్లో ఉండగానే నేను గుమ్మం వైపు చూశాను. గది తెరిచిన రోజు నుంచి, మంచి జరగాలని, రోజూ పొద్దున్నే గడప ముందు చుక్కల ముగ్గు పెడుతున్నాను. లేచి వెళ్ళి ముగ్గు డబ్బా తెచ్చి చిటికెడు స్లైడు మీద వేశాను. అదే తెల్లటి గాజు పెంకు, అదే వంకర అంచు. రాతి పొడి అని తెలియక కాదు, మా ఊళ్ళో కూడా ముగ్గు రాయి దంచే చేసేవారు. చేతికి మెత్తగా తగిలే ఆ పొడిని నా పనికి సంబంధించిన రాయిగా ఒక్కసారైనా చూడలేదు, అంతే.

అది లోపలికి వచ్చిన దారి తెలిశాక మాకు నవ్వాగలేదు. డిపార్ట్‌మెంట్‌లో సెక్షన్ గదిలోకి చెప్పులతో రానిచ్చేదాన్ని కాదు. ఇంట్లోనూ ఆ నియమం వదలలేదు. చెప్పులు బయట విప్పి, తడి కాళ్ళతో, శ్రద్ధగా ముగ్గు మీదుగా నడిచి లోపలికి వస్తున్నాను. చెప్పులు వేసుకుని గడప దాటాక విప్పినా ఇంతకన్నా తక్కువ పొడే వచ్చేది. పైగా పని చేసేది కింద పీట మీద కూర్చుని. కాలికి అంటింది కొంగుకు, కొంగు నుంచి చేతికి, చేతి నుంచి గుడ్డకు.

మా ఆయనకు జరిగింది చెప్పి, పళ్ళెం విషయంలో తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన ముగ్గు డబ్బా మూత పెట్టి, "లాలాపేటల గూడ గంతే, ఏం చెడిపోయినా టర్నర్‌నే అంటరు" అన్నాడు. తర్వాత నీళ్ళ పైపు పట్టుకుని గడప, గోడలు, పీట అన్నీ ఆయనే కడిగాడు. గడప బోసిగా ఉంచడం నాకు మనసొప్పలేదు, శుక్రవారం నుంచి బియ్యప్పిండితో పెట్టాను. బియ్యప్పిండి రాయిని గీకలేదు. చీమలు మాత్రం వచ్చాయి.

శుక్రవారం ఉదయం గోళ్ళు తీసుకుని, కొత్త గుడ్డ బిగించి, పునాది రాయికి మళ్ళీ పాలిష్ పట్టాను. ఒక్క గీత లేదు. స్వప్న ఇచ్చిన బిళ్ళను అప్పుడు చేతిలోకి తీసుకున్నాను. కోస్తున్నంతసేపూ ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది, లోపలికి రమ్మంటే రాలేదు. డోలరైట్‌లో ఫెల్డ్‌స్పార్ కడ్డీలు ఉంటాయి, మందం వాటిని చూసే తెలుసుకోవాలి. కడ్డీలు లేత పసుపులో ఉన్నప్పుడు ముతక పొడి ఆపాను. అక్కడ ఇంకో పదిసార్లు రుద్దినా రాయి అంతా నీళ్ళలో పోతుంది. మిగతాది మెత్తటి పొడితో, నాలుగు రుద్దులకోసారి ఆగి చూస్తూ చేశాను. కడ్డీలు బూడిద రంగుకు వచ్చాయి. పాలిష్‌కు శనివారం పూర్తిగా పట్టింది. సాయంత్రం నాలుగింటికి స్లైడును కిటికీ దగ్గర వాలుగా పట్టుకుంటే, అందులో మా పెరటి తీగ మీద ఆరేసిన తువ్వాలు గళ్ళతో సహా కనబడింది.

స్వప్నను పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది. స్లైడు మాత్రం నేనే పట్టుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. ముప్పై ఎనిమిది చోట్ల కిరణం వేస్తే అన్ని చోట్లా లెక్క సరిగ్గా వచ్చింది. "ఏ ల్యాబ్‌ల చేయించినవని ఆపరేటర్ సార్ అడిగిండు మేడమ్. తార్నాకల, సులోచన మేడమ్ వాళ్ళింట్ల అని చెప్పిన. రాసుకున్నడు." నా వార్త ఇదే. పోయిన వారం థీసిస్ సమర్పించింది. నాలుగో చాప్టర్‌లో, పద్ధతులు వివరించే చోట, సెక్షన్ ఎక్కడ తయారైందో ఒక వాక్యం ఉంది. ఆ పేజీ జిరాక్స్ తెప్పించుకుని నాలుగుసార్లు చదివాను. ఇంకో ఇద్దరు స్కాలర్లు రాళ్ళు తెచ్చి ఇచ్చారు.

ఈ పని నాకు నేర్పింది చెబుతాను. నియమాలు ఒక గదిని చూసి పుడతాయి. గది మారినప్పుడు నియమంతో పాటు దాని కారణాన్ని కూడా తెచ్చుకోవాలి, లేకపోతే ఆ నియమమే పని చెడగొడుతుంది. ఇప్పుడు మా ఇంట్లోకి ఏ పొడి వచ్చినా ముందు చిటికెడు స్లైడు మీద వేసి చూస్తున్నాను. పసుపు చూశాను, సబ్బు పొడి చూశాను. మొన్న మా ఆయన పళ్ళపొడి కూడా చూశాను. అందులోనూ సన్నని రాతి పొడి ఉంది, ఆయన పళ్ళకు ప్రమాదం లేదు కానీ, ఆ డబ్బా మాత్రం నా గదిలోకి రాకూడదు.