కబురుకంటే ముందు

పోయిన వారం మా చినమావయ్య పోయాడు. పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, సినమావ ఎలిపోనాడు. అంబలి తాగి గోడకి సేరబడినాడట, అలగే ఉండిపోనాడట" అంది.  తర్వాత, "నన్ను గంపలో ఎత్తనేదు గదన్నా ఆయన" అని ఏడ్చింది. దాని మనవరాలికే పెళ్ళీడు వచ్చింది. అయినా ఆ మాట దానికి ఇంకా పచ్చిగానే ఉంది.

మావయ్యని తలుచుకుంటే నాకు మొదట ఆయన వీపు కనిపిస్తుంది. ఎవరితో బయల్దేరినా ముందు ఆయనే నడిచేవాడు. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, తలకి తువ్వాలు చుట్టి, మొలలో ఒక ఉల్లిపాయ దోపుకుని పోతుంటే మేము పరిగెత్తాల్సి వచ్చేది. వడదెబ్బకి ఉల్లిపాయని మించిన మందు లేదని ఆయన నమ్మకం. వెనక్కి మాత్రం చూసేవాడు కాదు. "ఎనకాల ఉన్నోడు వస్తాడు, నేకపోతే అరుస్తాడు. నాను సూడ్డమెందుకు?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆయన నడకల్లో ఒక నడక గురించి చెప్పాలి. అది అరవైల చివర, వైశాఖమాసంలో. కొండల వైపు గొడవలు మొదలయ్యాయి. బస్సు వచ్చిన రోజే వచ్చినట్టు. తాతగారి ఊరు కొండల అవతల, మా ఊరు ఇవతల, మధ్యలో గెడ్డ లోయ. వానల్లో ఎర్రటి నీళ్ళతో పొర్లే ఆ గెడ్డలో ఎండాకాలం చుక్క ఉండదు. అంతా ఇసక, రాళ్ళు, నిట్టనిలువు గట్లు. మధ్యాహ్నం పూట మేకలు కాసేవాళ్ళు కూడా అందులోకి దిగరు. సైకిలు మీదైనా బండి మీదైనా గజపతినగరం మీదుగా చుట్టూ తిరిగి రావాల్సిందే.

చెల్లెలి పెళ్ళికి తాతనీ మావయ్యల్నీ తీసుకురావడానికి నన్ను పంపారు. ముహూర్తం గోధూళి వేళకి. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకొచ్చేది మేనమామ. చినమావయ్య ఏరి కోరి కొత్త వెదురుగంప కొన్నాడు, అత్త దానికి పసుపు రాసింది. నేను వెళ్ళేసరికి ఆయన వాకిట్లో ధాన్యం బస్తా ఎత్తి దింపుతున్నాడు. "నీ సెల్లి గుంట బాగా బరువెక్కినాది గదరా. పందిట్లో పడిపోతే పరువు పోద్ది" అని నవ్వాడు.

పెళ్ళిరోజు తెల్లారి లేచి చూస్తే తాత మంచం మీద చల్లబడి ఉన్నాడు.

మా వైపు మైల చావు కబురు విన్నప్పటినుంచే మొదలవుతుంది. తాత మా అమ్మకి తండ్రి. కబురు అమ్మ చెవిన పడిందంటే కన్యాదానానికి ఆవిడ పీటల మీద కూర్చోకూడదు, పెళ్ళి ఆగిపోవాల్సిందే. అంతకుముందే ఒకసారి, మగపెళ్ళివారింట ఎవరో పోయారని మా ఇంటి పందిరి పీకారు. ఆ సంబంధం మళ్ళీ రాలేదు. పిల్ల జాతకం మంచిది కాదని నలుగురూ నోళ్ళు నొక్కుకున్నారు. రెండోసారి కూడా పందిరి పీకితే దాన్ని ఎవరూ అడగరని మాకందరికీ తెలుసు.

పెదమావయ్య ఏడుస్తూనే, అక్కకి, అదే మా అమ్మకి, కబురు చెప్పమని పక్కింటాయన్ని సైకిలెక్కించాడు. "అప్పకి సెప్పి తీసుకురా. పొద్దుగూకేదాకా ఉంచుతాను అయ్యని. అప్ప కడసూపు సూడాల" అన్నాడు. సైకిలు మలుపు తిరిగింది. చినమావయ్య తాత పాదాల మీద తల పెట్టి లేచాడు. మొలలో ఉల్లిపాయ దోపుకుని, "నడు, అల్లుడా" అన్నాడు.

"గంప?" అన్నాను నోరు జారి.

"ఉండనీ" అన్నాడు.

పెళ్ళి లేదు కదా, గంపెందుకులే అనుకున్నాను. లోయ అడ్డంగా దాటితే సైకిలుకంటే ముందు చేరతాం, ఏదో బండి చూసి అమ్మని బేగి తీసుకురావచ్చు, అందుకే ఈ తొందర అనుకున్నాను. పాపం అమ్మ, అనుకుంటూ ఆయన వీపు వెంట పడ్డాను.

గట్టు దిగేసరికే ఎండ ముదిరింది. కింద గాలి లేదు. ఇసకలో అడుగు వేస్తే సగం వెనక్కి జారుతోంది. వెంట తెచ్చుకున్న నీళ్ళు ఒక గుక్కెడు తాగుదామంటే, "ఇప్పుడు తాగితే పొట్ట బరువెక్కుద్ది" అని నా నోట్లో ఒక గులకరాయి పెట్టాడు. నడుస్తూనే ఉన్నాం. ఎదుటి గట్టు ఎంతకీ దగ్గరపడదు. నా చెప్పు తెగింది. ఇసక అరికాలిని కాల్చేస్తుంటే ఒక బండ నీడన కూలబడి, "నావల్ల కాదు మావా" అని అరిచాను.

అప్పుడు వెనక్కి వచ్చాడు. తలపాగా విప్పి, రెండుగా చింపి నా కాలికి చుట్టాడు. వైశాఖపు ఎండలో ఆయన నెత్తిమీద ఏమీ లేకుండా పోయింది.

"కొద్దిసేపు ఆగుదాం. అమ్మకి ఓ అరగంట ఆలస్యమైతే ఏటవుద్ది?" అన్నాను.

ఆయన కట్టుమీదే చూపు నిలిపి చెప్పాడు. "మనం ఎల్తన్నది సెప్పడానికి కాదురా. ఆ సైకిలోడు మీ ఊళ్ళోకి రాకముందే ఆపాల."

నాకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కోపంగా కాలు వెనక్కి లాక్కున్నాను. "కడసూపు మావా! ఆవిడ తండ్రి! మా అమ్మ దగ్గర దాస్తావా?"

"నాకూ తండ్రే గదరా" అన్నాడు. "అయ్యకి నాను సెయ్యాల్సింది ఇంకేటీ నేదు. మంట పెట్టడానికి అన్న ఉన్నాడు. గుంటకి ఇంకా బతుకుంది. తప్పే, నాను కాదనను. మీ అమ్మ నన్ను తిట్టినా, సచ్చేదాకా మాటాడకపోనా పడతాను. నువ్వు లెగు."

లేచాను. ఆయన చెప్పింది నాకు నచ్చలేదు. చెల్లెలి ముఖం, తాత ముఖం రెండూ కళ్ళముందు తిరుగుతుంటే ఎటు నడుస్తున్నానో తెలియకుండా నడిచాను. ఎదుటి గట్టు ఎక్కేటప్పుడు ఆయన రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని మళ్ళీ ఎక్కాడు.

మా ఊరి మామిడితోట దగ్గర రోడ్డు పట్టేసరికి, దూరంగా దుమ్ము లేపుకుంటూ సైకిలు వస్తోంది. మావయ్య రోడ్డుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"అప్పకి నాను సెప్తాను. నువ్వు ఎనక్కి ఎల్లిపో."

సైకిలాయన దిగి ఆయన ముఖం చూసి బెదిరాడు. "మరి మీ అన్నకి ఏటి సెప్పమంటావు?"

"అప్పటికే పీటల మీద కూకున్నాదని సెప్పు."

పక్కింటాయన సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. తోట వెనక సన్నాయి మొదలైంది.

మేమిద్దరం లోపలికి వెళ్ళలేం, మైలలో ఉన్నాం. చెట్ల కింద కూర్చుండిపోయాం. మేనమామ వరసైన ఇంకొకాయన చెల్లెల్ని మామూలు గంపలో ఎత్తుకెళ్ళాడని తర్వాత తెలిసింది. బస్తాలెత్తి సాధన చేసిన మనిషి తోటలో కూర్చుని ఆ మేళం విన్నాడు. తాళి కట్టేటప్పటి మేళం మోగినప్పుడు లేచి, అటువైపు తిరిగి, ఉత్త చేతుల్తోనే అక్షింతలు జల్లినట్టు జల్లాడు.

అప్పగింతలయ్యాక అమ్మకి ఆయనే చెప్పాడు. అమ్మ నేలమీద పడి ఏడ్చింది. ఆయన్ని ఒక్క మాట అనలేదు. పెదమావయ్య మాత్రం అన్నాడు. ఆ సాయంత్రం పొద్దుగూకేదాకా దారి చూసి, చివరికి కూతురు రాకుండానే తాతకి నిప్పు పెట్టాడు. బతికున్నంతకాలం తమ్ముడి ముఖం చూడలేదు. పంపకాలప్పుడు కూడా మధ్యలో మనిషిని పెట్టి మాట్లాడారు.

చెల్లెలు సుఖంగానే కాపురం చేసింది. అది చూసైనా మావయ్య మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. నేను ఎప్పుడు వెళ్ళినా చుట్ట ఆర్పి, "అప్పకి అయ్య కడసూపు నేకుండా సేసినానురా" అనేవాడు. అమ్మ పోయాక మరీ ఎక్కువైంది. ఆయన చేసింది సరైనదేనా అని నన్నడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఆయన్ని ప్రేమించకుండా మాత్రం ఉండలేకపోయాను.

నేను ఆయనకి ఒక సంగతి ఎన్నోసార్లు చెప్పాను. అమ్మకి నువ్వు చెప్పకముందే తెలుసు మావా, అని. "నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావు" అనేవాడు. ఆయన చూడలేదు, నేను చూశాను.

ముహూర్తానికి కొంచెం ముందు, మమ్మల్ని ఎవరో తోటలో చూశారని విని అమ్మ వచ్చింది. పట్టుచీర, కాళ్ళకి పసుపు, చేతిలో నీళ్ళచెంబు. ఆవిడ రావడం చూసి మావయ్య ముఖం చెట్టు వైపు తిప్పేసుకున్నాడు. అమ్మ తమ్ముడి తలపాగా లేని తల చూసింది. గంప లేని చేతులు చూసింది. మా వెనక తాత కోసం చూసింది. ఏదో అడగబోయి పెదవులు బిగించింది. అడిగితే మేం చెప్పాలి, చెబితే పెళ్ళి ఆగిపోతుంది. మా అమ్మ ఎవరికి ఏమిచ్చినా చేతికే ఇస్తుంది. ఆ రోజు చెంబుని దూరంగా నేలమీద పెట్టి, మైలలో ఉన్నవాళ్ళకి పెట్టినట్టే పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

పందిట్లో మా గురించి అడిగిన వాళ్ళకి, "వడదెబ్బ తగిలినాది, పడుకున్నారు" అని చెప్పిందట.

మావయ్య ఇంకా చెట్టు వైపే తిరిగి ఉన్నాడు. చెంబు మా మధ్య మట్టిలో ఉంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా, సన్నాయి వినిపిస్తున్న వైపు బేగి బేగి నడిచిపోతోంది.