కాలిన వాసన

2021 శ్రావణ మాసం. పాల్వంచ బస్టాండు పక్క సందులో నా కెమెరా రిపేరు షాపు. పెద్ద షాపేం కాదు. ఒక టేబులు, ఒక భూతద్దం దీపం, కొంచెం నోటి దురుసున్న నేను. ఆ రోజు ముసురులో తడుస్తూ జోగమ్మ వచ్చింది. ములకలపల్లి అవతలి అడవి ఊరు ఆమెది. రెండేళ్ల కింద బీడీల కోసం తునికాకు కోసిన డబ్బుతో నా దగ్గరే పాత డిజిటల్ కెమెరా కొనుక్కుంది.

"అన్నా, ఫ్లాష్ లేస్తలేదు. ఎల్లుండే పెండ్లి ఉంది," అంది.

మామూలుగా కెమెరా నెత్తిన ముడుచుకొని ఉండి, బటన్ నొక్కితే పైకి లేచే ఫ్లాష్ అది. నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. ముక్కు దగ్గర పెట్టుకొని చూశాను. మా పనిలో కంటికన్నా ముందు ముక్కే చెబుతుంది. కాలిన వాసన గుప్పుమంది.

"ఫ్లాష్ బోర్డు కాలిపోయింది చెల్లె. దీని కత ఒడిసింది," అనేశాను, ఒక్క స్క్రూ అయినా విప్పకుండా.

ఆమె మొహం చిన్నబోయింది. "గట్లనకు అన్నా. ఆడపిల్ల ఏం ఫొటోలు తీస్తదని అందరు నవ్విన్రు. మా మామనే పట్టువట్టి పెండ్లోల్లను ఒప్పిచ్చిండు. గీ ముసురుల పందిట్లంత చీకటే. ఫ్లాష్ లేకుంటె కొత్తగూడెం నుంచి ఇంకొకల్ని పిలుస్తరు. ఇగ నన్నెవ్వరు పిలుస్తరు?"

చెప్పి, కెమెరాను సంచిలో పెట్టుకోబోయింది. మెడకు వేసుకునే పట్టీ నా చేతికి తగిలింది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే దానికీ అదే వాసన. లోపల బోర్డు కాలితే బయటి పట్టీకేం రోగం? పైగా ఇది ప్లాస్టిక్ మాడిన కంపు కాదు, కట్టెల పొగ.

"ఆగాగు. దీన్ని ఇంట్ల యాడ పెడ్తవ్?"

"పొయ్యి మీద."

"ఏందీ?"

"పొయ్యి మీది దూలానికి మా అమ్మ వేలాడగట్టింది, ఇత్తనం మక్కకంకుల పక్కన. నువ్వే కద అన్నవ్, వానకాలం తేమ తగలనియ్యకు, పొడిగున్న కాడ పెట్టుమని! మా ఇంట్ల అంతకంటె పొడి జాగ యాడుంది?"

ఆ ఊళ్లలో విత్తనం చెడకుండా, పురుగు పట్టకుండా పొయ్యి పొగకు కడతారు. అన్నిటికన్నా అపురూపమైనదాన్ని ఆ తల్లి అక్కడే కట్టింది. నేను చెప్పిన మాట పొల్లుపోకుండా పాటించింది. నిజంగా సిగ్గేసింది.

దీపం దగ్గరికి లాక్కొని చూశాను. ఫ్లాష్ వెనకాల హాట్ షూ ఉంటుంది, అంటే విడిగా కొన్న పెద్ద ఫ్లాష్‌ను తగిలించుకునే ఇనుప గాడి. దాని అంచు కింద ఆవగింజంత స్విచ్. పెద్ద ఫ్లాష్ గాడిలోకి దూరగానే ఆ స్విచ్ నొక్కుకుంటుంది, "నెత్తిన చుట్టం కూర్చున్నాడు, నువ్వు లేవకు" అని సొంత ఫ్లాష్‌కు కబురు పోతుంది. పొగమసి జిగురుగా పేరుకొని ఆ స్విచ్‌ను కిందికి పట్టేసింది. రాని చుట్టానికి మర్యాద చేస్తూ ఫ్లాష్ అలాగే ముడుచుకొని ఉంది.

బ్యాటరీ తీశాను. సన్న పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి తుడిచాను. మొదటి దూది కాటుకలా వచ్చింది. రెండోదీ అంతే. మూడోసారి తుడుస్తుంటే స్విచ్ టిక్కుమని పైకి తేలింది. బ్యాటరీ వేసి బటన్ నొక్కితే ఫ్లాష్ టప్పున లేచింది.

"లేసింది! లేసింది!" అని జోగమ్మ చప్పట్లు కొట్టింది. వెంటనే నా వైపు తిరిగి, "కత ఒడిసిందన్నవ్ కదన్నా?"

"ఒడిసింది నా తెలివి తల్లీ, కెమెరా కాదు."

ఈసారి గట్టి మూత ఉన్న డబ్బాలో తేమ పీల్చే గుళికల పొట్లాలు పెట్టి చేతికిచ్చాను.

పెండ్లయిన వారానికి ఫొటోలు ప్రింట్ చేయించుకొని షాపుకు వచ్చింది. పందిరి చీకట్లో కూడా ప్రతి మొహం తేటగా పడింది. ఇంకో రెండు పెండ్లిళ్లకు పిలిచారట. పోతూ పోతూ నాకొక ఫొటో ఇచ్చింది. పొయ్యి ముందు వాళ్లమ్మ నవ్వుతోంది. పైన మక్కకంకుల వరస, ఆ పక్కన ఖాళీగా ఒక తాడు.

"ఆ తాడుకు ఇప్పుడు ఏం కట్టాలెనో నిన్ను అడుగుమన్నది మా అమ్మ," అని పకపకా నవ్వింది.

ఆ ఫొటో నా టేబులు ఎదుట గోడకు అతికించుకున్నాను. కెమెరా కొన్నవాళ్లకు జాగ్రత్తలు చెప్పబోయే ముందు దాని వైపు ఒకసారి చూస్తాను. చూసి, చెప్పడం ఆపి, అడుగుతాను: "మీ ఇంట్ల పొడి జాగ ఏది?"