గోబీ పువ్వుకు కోడి మసాలా

పట్నంలో ఒక దుకాణం ఉంది. అక్కడ కోడి కాళ్లను పిండిలో దొర్లించి, నూనెలో వేయించి, అట్టడబ్బాలో పెట్టి అమ్ముతారు. ఆ పిండిలో కలిపే మసాలా రహస్యమట. ఎవరికీ చెప్పరట. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా నారాయణఖేడ్‌లో పొద్దున ఎవరింట్లో మొగుడూ పెళ్లాం కొట్లాడుకున్నా మధ్యాహ్నానికల్లా బస్టాండు దాకా తెలిసిపోతుంది. అలాంటిది ఇంత ప్రపంచం కలిసి నాలుగు దినుసుల సంగతి కనుక్కోలేకపోయిందట. చివరికి ఆ పని నా నెత్తిన పడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కోడిగుడ్డు కూడా ముట్టనిదాన్ని నేను.

మెడలో లింగం కట్టుకునే ఇళ్లు మావి. మా పుట్టిల్లు నాగల్‌గిద్ద వైపు. అక్కడ సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడతాం గానీ రెండింట్లోనూ మాంసం ఊసెత్తం. అత్తగారిల్లు అంతకంటే నిష్ఠ. మా ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పొద్దున స్నానం చేసి, నుదుట విభూతి రేఖలు దిద్దుకుని, లింగపూజ అయితే గానీ గుక్కెడు చాయ్ తాగడు. కోడి మాంసం కొట్టు ముందు నుంచి పోవాల్సి వస్తే ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుంటాడు. చూసినవాళ్లు, ఆహా ఎంత నియమం అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకునేదాన్ని.

మాకు ఒక్కతే బిడ్డ. పట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. స్నేహితురాలి పుట్టినరోజని ఆ దుకాణానికి పోయింది. పోయినమ్మ తిని ఊరుకోవచ్చు కదా, ఫొటో దిగింది. దిగినమ్మ దాచుకోవచ్చు కదా, ఫోన్లో స్టేటస్ పెట్టింది. పెట్టినమ్మ తండ్రికి కనపడకుండా పెట్టొచ్చు కదా. లేదు. ఇంత చదువు చదివిన పిల్లకు ఆ ఒక్క మీట నొక్కడం గుర్తు రాలేదు. ఫొటోలో నడుమ అట్టడబ్బా, చుట్టూ నలుగురు ఆడపిల్లలు, మా దాని చేతిలో కోడికాలు. మా ఆయన దుకాణంలో కూర్చుని అది చూశాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికే రాలేదు.

సెలవులకు బిడ్డ ఇంటికొచ్చాక మా ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. ఒకే గదిలో ముగ్గురం కూర్చుంటాం. ఆయన నా వైపు తిరిగి, దానికి చెప్పు, ఫ్యాను బంద్ చెయ్యమను అంటాడు. ఫ్యాను మీట దాని పక్కనే ఉంటుంది. దాని చెవులూ బాగానే పనిచేస్తాయి. అయినా ఆ మాట నేను అందుకుని, అటు తిరిగి మళ్లీ చెప్పాలి. అది ఫ్యాను ఆపుతుంది. ఆపానని ఆయనకు నేను చెప్పాలి. అన్నం దగ్గరా ఇదే తంతు. దేశాల మధ్య రాయబారాలు నడిపేవాళ్లకు నెల తిరిగేసరికి జీతమన్నా వస్తుంది. నాకు వచ్చింది తలనొప్పి.

ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడి బిడ్డ వెక్కివెక్కి ఏడ్చింది. తిన్నది నిజమేనంది. ఒక్కసారే తిన్నానంది. రుచి బాగుందని కూడా చెప్పింది. అడక్కుండానే చెప్పింది, ఆ నిజాయితీ ఒకటి. కళ్లు తుడుచుకుని చివరికి అసలు మాట అంది.

"నాయిన మాట్లాడకుంటే ఇగ నేను సెలవులకు రాను అమ్మా. హాస్టల్లనే ఉంట."

దాని మొండితనం నాకు తెలుసు, అచ్చం తండ్రి పోలిక. రానంటే రాదు. అది మళ్లీ బస్సెక్కేలోగా ఆయన నోటి వెంట దానితో ఒక్క మాట పలికించాలి. తిట్టినా సరే, నేరుగా దాన్నే తిట్టాలి. అంతకుమించి నాకు కోరికలేం లేవు.

ఆలోచించాను. నా ఆలోచన వింటే నవ్వుతారు, అయినా చెప్తాను. బీరకాయకు గానీ ఆనపకాయకు గానీ సొంతంగా ఏం రుచి ఏడ్చింది? అంతా మనం వేసే కారం, పోపు. కోడి సంగతీ అంతే అయి ఉంటుందనుకున్నాను. అంటే నా బిడ్డ మోజుపడింది కోడి మీద కాదు, మసాలా మీద. ఆ మసాలా ఇంట్లోనే చేసి గోబీ పువ్వుకు పట్టిస్తే దాని నోరు ఊరుకుంటుంది. ఇగ అది బయట తినదు, పూచీ నాది అని ఆయనకు చెప్తాను. ఆయన మెత్తబడతాడు. ఎంత గొప్ప పథకమో చూడండి.

ఫోన్లో వెతికితే ఆ రహస్యం తెలిసినవాళ్లు ఊరికి పదిమంది తేలారు. ఒకాయన దాల్చినచెక్క అన్నాడు. ఒకామె ఆవపొడి అంది. ఇంకొకాయన ఏ దినుసు పేరూ చెప్పకుండా పావుగంట సేపు తన కొత్త మూకుడు చూపించి, నచ్చితే గంట నొక్కమన్నాడు. వీళ్లను నమ్ముకుంటే పని కాదని గోడ పక్కింటి అక్కను అడిగాను. వాళ్ల పద్ధతిలో ఆవిడను ఆపా అని పిలుస్తాం. ఆవిడ మిషను మీద బట్టలు కుడుతుంది. మా ఉగాది పోలెలు అటు, వాళ్ల రంజాన్ షీర్ ఖుర్మా ఇటు, ఆ గోడ మీద నుంచి దాటని పండుగ లేదు. పట్నంలో వాళ్ల అక్క ఇంటికి పోయినప్పుడల్లా ఆపా ఆ దుకాణంలో తింటుంది. అది కూడా ఏ మొహమాటమూ లేకుండా, దర్జాగా చెప్పింది. ఈ వీధిలో నిజం చెప్పి సుఖంగా ఉన్నది ఆవిడొక్కతేనని నాకు ఇప్పుడనిపిస్తుంది.

ఒప్పందం కుదిరింది. నేను మసాలా కలిపి చిన్న డబ్బాలో పోసి గోడ మీద పెడతాను. ఆపా వాళ్ల వంటింట్లో దాన్ని కోడికి పట్టించి వేయిస్తుంది. ఇటు నేను గోబీ పువ్వుకు పట్టిస్తాను. అటు తీర్పు ఆపాది, ఇటు తీర్పు నా బిడ్డది. మా ఆయన దుకాణంలో ఉన్న వేళ చూసి ఈ వ్యవహారమంతా నడిచేది.

మొదటి మసాలాలో నాకు తెలిసిన మర్యాదలన్నీ చేశాను. ధనియాలు, లవంగాలు, యాలకులు, సాజీర, ఎండుకొబ్బరి. బిడ్డ ఒక ముక్క కొరికి సాంబారులా ఉందంది. గోడ అవతల నుంచి ఆపా, బిర్యానీ మసాలా కలిపి పొరపాటున పంపినవా అని అడిగింది. ఇద్దరూ నవ్వారు. నా పరువు పోతే పోయింది గానీ, ఇంటికొచ్చాక బిడ్డ నవ్వడం అదే మొదలు. ఇంకో గోబీ పువ్వు తరిగాను.

ఆ తర్వాత ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చాను. కొబ్బరి పోయింది, యాలకులు పోయాయి. ఎల్లిపాయలు సన్నగా తరిగి మిద్దె మీద ఎండబెట్టి పొడి కొట్టాను. శొంఠి, వాము, ఆవపొడి చేరాయి. తెల్ల మిరియాలు కావాలని కిరాణం సేటును అడిగితే, ఇంట్లో ఎవరికన్నా దగ్గా అని పరామర్శించాడు. అవునన్నాను. పిండిలో ఇంత జొన్నపిండి కలిపితే పైపెచ్చు కరకరలాడింది. మజ్జిగలో నానబెట్టి, పిండి రెండుసార్లు అద్దాలని తెలిసింది. తెలియజెప్పింది నా బిడ్డే. ఉప్పు ఇంకొంచెం ముందుకు రావాలి, మిరియం ఘాటు మింగాక తగలాలి అంటూ రోజురోజుకూ దాని తీర్పులు సన్నబడ్డాయి. ఒక్కసారే తిన్న నాలుకకు ఇంత జ్ఞాపకశక్తి ఉంటే పరీక్షల్లో ఆ మార్కులేంటని అడగాలనిపించింది. అడగలేదు. అడిగితే ఆ జవాబు కూడా ఆయన దాకా నేనే మోయాలి.

ఒకనాటికి ఆపా, కోడి మీద అచ్చం ఆ దుకాణం రుచే వచ్చిందని ప్రకటించింది. అదే మసాలా గోబీ మీద తిన్న నా బిడ్డ మాత్రం, అన్నీ ఉన్నాయి గానీ ఏదో తక్కువైందంది. ఆ ఏదో కోసం నా తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వులు వేయించి కలిపాను. నెయ్యి పోశాను. కుసుమ నూనెలో వేయించాను. జీడిపప్పు నూరి పూశాను. ఆపా కొన్నాళ్లు ఓపికపట్టి, ఒకరోజు మిషను ఆపి గోడ దగ్గరికొచ్చింది.

"గది కోడి రుచి చెల్లె. మసాలాల యాడ దొరుకుతది?"

కోడికి సొంతంగా ఒక రుచి ఉంటుందని ఇన్నేళ్లలో నాకు ఒక్కరూ చెప్పలేదు. ఎవరు చెప్తారు? మా వాళ్లలో ఎవరికి తెలుసు గనక.

దొరకనిదాన్ని వెతకడం మానేసి ఉన్న మసాలాకే స్థిరపడ్డాను. మర్నాడు బిడ్డ ప్రయాణం. ఆ మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చేసరికి గోబీ వేడివేడిగా దించుతున్నాను. బిడ్డ గోడకు ఆనుకుని కూర్చుని అన్నం కెలుకుతోంది. ఆయన దాని వైపు చూడకుండా పీట మీద కూర్చుని, ఏందిది అని నన్నడిగాడు. గోబీ పువ్వు, కొత్త రకంగా చేశానన్నాను. ముందు తినిపించి, తర్వాత నా పూచీ సంగతి ఎత్తాలని నా ఎత్తు. ఆయన ఒక ముక్క తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోది నిదానంగా, కళ్లు సగం మూసుకుని నమిలాడు.

"మసాలా గట్లనే ఉన్నది," అన్నాడు. "గని ఎముక కాడికి వచ్చేసరికి ఉప్పు తగ్గాలె. గిది లోపలి దాక ఒక్కతీరుంది."

నాకు ముందు అర్థం కాలేదు. గోబీ పువ్వు కాడ గురించి అంటున్నాడేమో, రేపటి నుంచి కాడ తీసేద్దామనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది. బిడ్డ చేయి పళ్లెంలో ఆగిపోయింది. మెల్లగా తలెత్తి తండ్రి మొహంలోకి చూసింది.

"ఎన్నిసార్లు తిన్నవ్ నాయినా?"

ఆయన నమలడం ఆపాడు. విభూతి రేఖల కింద ఆ మొహం ఎర్రబడటం నేను కళ్లారా చూశాను. లేచిపోతాడేమో అనుకున్నాను. లేవలేదు. బిడ్డ వైపే తిరిగి, నువ్వు తిన్నది హాస్టల్ పక్క దుకాణంలోనా అని అడిగాడు. అది తలూపింది. అక్కడ నూనె మంచిగుండదు, బస్సు దిగే చోట ఉన్నదానికి పోవాలె అని చెప్పాడు. నేను మొక్కిన మొక్కులన్నీ ఫలించి, ఆయన నోటి వెంట బిడ్డతో నేరుగా వచ్చిన మాట అది.

ఇగ ఆగలేదు. కాలు మంచిదా రెక్క మంచిదా అని ఇద్దరూ మాటల్లో పడ్డారు. బిడ్డ నవ్వుతోంది. ఆయనా నవ్వుతున్నాడు. నేను జాలిగంటె పట్టుకుని నిలబడి ఉన్నాను. సంతోషించాలి కదా, నిజంగానే ఒక క్షణం కడుపు చల్లబడింది. మరుక్షణం ఒళ్లంతా భగ్గుమంది. దుకాణం సరుకు కోసం పట్నం పోయి వచ్చినప్పుడల్లా ఈయన నన్ను పలకరించకుండా నేరుగా స్నానానికి పోయేవాడు. బయటి మైల ఇంట్లోకి రానివ్వడని మురిసిపోయి, నీళ్లు కాచి పెట్టేదాన్ని. నన్నూ ఒక్కసారి పట్నం తీసుకుపొమ్మని ఎన్నిసార్లు అడిగానో. దుమ్ము, రద్దీ, నీకు పరేషాన్ అయితదని నా మీద ఎంత జాలి చూపించేవాడో.

పొయ్యి ఆపి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఎప్పటి నుంచి అని అడిగాను. బిడ్డ బడికి పోకముందు నుంచేనట. సరుకు ఇచ్చే సేటు ఒకసారి బలవంతం చేశాడట. ఆ తర్వాత ఎవరూ బలవంతం చెయ్యలేదని ఆయనే ఒప్పుకున్నాడు. మరి ఈ పిల్లను ఇన్నాళ్లు ఎందుకు ఏడిపించావని నిలదీశాను. అది ఫొటో పెట్టింది కదా అని నసిగాడు. తినడం తప్పు కాదట, కనపడటం తప్పట. బిడ్డ నవ్వు ఆపేసి నా మొహం చూసింది. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయని దాని మొహం చూశాకే నాకు తెలిసింది.

"నీకు చెప్తే తట్టుకోవనుకున్న," అన్నాడు ఆయన, నేల చూస్తూ.

"బిడ్డ చెప్తే గోబీ పువ్వు గోలిచ్చి పెట్టిన," అన్నాను. "నువ్వు చెప్పి చూస్తే గద, నేనేం చేస్తుంటినో నీకు ఎరుకయ్యేది."

ఆయన సగం కొరికిన ముక్క చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.