పామర్రులో మా పురోహితుడి ఇంటికి

మా అమ్మాయి పెళ్ళికి ఫంక్షన్ హాలు మాట్లాడినప్పుడు పందిరి, భోజనాలు, మేళంతో పాటు పురోహితుణ్ణి కూడా ప్యాకేజీలోనే ఇస్తామన్నారు. ఒక తిరుగుడు తప్పిందని తెగ సంబరపడ్డాను. వాళ్ళ పురోహితుడే ముహూర్తం పెట్టాడు, శుభలేఖలూ అచ్చయ్యాయి. మొదటి కార్డుకు పసుపు రాస్తూ మా అమ్మ, "అవధానిగారికి తాంబూలం ఎప్పుడిచ్చావురా?" అని అడిగింది. ఇవ్వలేదు. నా పెళ్ళి చేయించిన మనిషి ఆయన. మా ఇళ్ళలో ముందు ఇంటి పురోహితుడికి తాంబూలమిచ్చి ముహూర్తం పెట్టించుకుంటారు, ఏ పనైనా ఆ తర్వాతే. "ఆయన అక్షింతలు పడని పెళ్ళి పెళ్ళేంట్రా" అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మర్నాడు ఏడింటికి భవానీపురంలో ఇంటి దగ్గర ఆటో ఎక్కి బస్టాండుకు చేరి, మచిలీపట్నం బస్సు పట్టుకున్నాను. కంకిపాడు దాటాక రెండు వైపులా వరిచేలే. పామర్రుకు గంటంబావు పట్టింది, టికెట్టు వంద రూపాయల లోపే. ఆయన ముందుకు వెళ్ళడానికి మొహం చెల్లక, బస్టాండు ఎదుట ఆకలి లేకపోయినా రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను. తర్వాత ఎక్కిన ఆటో అతను, "అవధానిగారింటికాండీ? ముహూర్తానికాండీ?" అని అడిగాడు. అవునని అబద్ధమాడాను.

అవధానిగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. శుభలేఖ అందుకుని కళ్ళజోడు పెట్టుకుని, పంచాంగం తెప్పించుకుని వేళ్ళ మీద లెక్క చూశారు.

"ముహూర్తం దివ్యంగా ఉంది బాబూ. మరి నాతో పనేంటి?"

"మీరు రాకపోతే అమ్మ ఊరుకోదండీ."

"అమ్మగారి సంగతి సరే. నీకు కావాలా?"

"కావాలండీ. తప్పైపోయింది. హాలువాళ్ళ పురోహితుణ్ణి వద్దని చెప్పేస్తాను, మీరే చేయించండి."

ఆయన కార్డు ఒళ్ళో పెట్టుకున్నారు. "పురోహితుడంటే ఏంటో తెలుసా?"

"ఊరి హితం కోరేవాడు కదండీ."

"అందరూ అదే అనుకుంటారు. పురః అంటే ముందు. హితుడంటే ఉంచబడినవాడు. మేం ముందుకొచ్చి నిలబడలేదు బాబూ, మీరే మమ్మల్ని ముందు పెట్టుకున్నారు. అలా ఒకణ్ణి పెట్టుకున్నాక మధ్యలో లేపకూడదు. ఆయన్నే చేయించనివ్వు. నేనొచ్చి అక్షింతలేసి వెళ్తాను."

ఆయన మాటలో కోపం లేదు. రెండు దెబ్బలేసినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. మంగళసూత్రాల దగ్గర్నుంచి చితి దాకా ఎవరి వెనక నడిచామో, ఆయన్నే అంత తేలిగ్గా లేపేశాం. ఎవరో తెలియని ఒక పురోహితుడికి ఆ అవమానం జరగకూడదని ఆయన పామర్రులో కూర్చుని చూసుకున్నారు.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. పొద్దున్నే బస్సెక్కితే తొమ్మిదిన్నర లోపు పెద్దవాళ్ళు పూజ ముగించుకుని తీరిగ్గా దొరుకుతారు. కానీ శుభలేఖ అచ్చుకు ఇవ్వకముందే వెళ్ళండి.