మూడుగా కనిపించిన వేలు

శుక్లం ఆపరేషన్‌కు దూరమూ దగ్గరా రెండూ కనిపించే లెన్స్ ఎంచుకుని, సీతమ్మధార కంటి ఆసుపత్రిలో కూర్చున్నాను. పక్కనే నల్లద్దాల పెద్దాయన, జాలరిపేటలో బోటు నడిపేవాడట. ఏ లెన్సని అడిగితే చెప్పాను.

"ఎప్పుడైనా కంటికి దెబ్బేటైనా తగిలిందా, బావా?"

"ఫ్యాక్టరీలో ఇనుప రవ్వ పడింది. పాత సంగతి కదా, డాక్టరుకు చెప్పలేదు."

ఆయన అద్దాలు తీసి, ఎడమకన్ను మూసుకుని, "ఏలు సూపించు" అన్నాడు. ఒక వేలు చూపించాను.

"మూడు" అన్నాడు.

నేను నా వేలి వంక చూసుకున్నాను.

"సిన్నప్పుడు గేలం గుచ్చుకుని నల్లగుడ్డు మీద మచ్చయింది. నానూ సెప్పనేదు. యేరే ఆసుపత్రిలో ఆ లెన్సే ఏయించుకున్నాను. మచ్చున్న కంటికి అది పడదంట. హార్బర్ దీపం మూడై కనబడతంది. ఏ దీపమేపు బోటు తిప్పాలో తెలీక సేపల ఏట మానీసేను."

లోపలికెళ్లి రవ్వ సంగతి చెప్పాను. డాక్టరు కొత్తగా స్కాన్ తీయించి, నల్లగుడ్డు మీది కార్నియా పొర ఎగుడుదిగుడుగా ఉందంటూ, దూరం మాత్రమే కనిపించే మామూలు లెన్స్ రాశారు. బయటికి రాగానే పెద్దాయన అడిగాడు.

"సెప్పీసేవా?"

"చెప్పాను."

ఆయన తలూపాడు. తన లెన్స్ తీయడం కుదురుతుందో లేదో తెలుసుకోవడానికి వచ్చాడట. నర్సు పిలిస్తే గోడ పట్టుకుని లోపలికి నడిచాడు.

ఆపరేషన్ అయింది, ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాను. ఆయనకు లోపల ఏం చెప్పారో నాకు తెలియదు.