చెలిమలో తేట నీళ్లు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలానికి మా తాలూకా ఊరు వాగు ఒడ్డుదాకా పెరిగింది. కొత్త బజారు వెలిసింది, కొత్త ఠాణా లేస్తోంది. వాటికి మా వాగు ఇసుక తోలింది మా బాపే. ఇసుక ఎత్తిన గుంతల్లోకి బజారు మురికి కాలువను వదిలారు.

మేం తాగేది ఆ వాగు నీళ్లే. ఇసుకలో చెలిమ తవ్వి, ఊరిన నీళ్లను సొరకాయ బుర్రతో కడవకు ముంచుకునేవాళ్లం. ఏటా మా అవ్వ, అంటే అమ్మ, అందులోని కప్పలను, చేపపిల్లలను తిట్టుకుంటూ వెళ్లగొట్టేది. ఆ ఏడు ఒక్కటీ లేదు.

"గీసారి నీళ్లు ఎంత సాఫుగున్నయో సూడు" అని మురిసిపోయింది.

నాకు కంపు కొట్టింది. చెబితే మంచినీళ్ల కోసం ఆ ఎండలో ఎగువకు నడవాలి. నోరు మూసుకున్నాను. చిన్నదాన్నని ఇప్పుడు సాకు చెప్పుకోను.

నీళ్లు తేటపడేదాకా ఆగి అవ్వ కడుపునిండా తాగింది. ఇంటికి మోసుకొచ్చిన కడవను నేను మాత్రం ముట్టలేదు. వాంతులు, విరేచనాలతో అవ్వ మూడో రోజుకు పోయింది.

ఆమెను పూడ్చిన తెల్లారే బాపు బండి కట్టాడు.

"ఠాణా గోడలకు ఇంక ఇసుక గావాలెనంట" అన్నాడు.

తట్ట అందుకుని నేనూ బండెక్కాను.